ఉమ్మడి బండి దోవ: ఒక దస్తావేజు లేఖరి అనుభవ పాఠాలు

నలభై ఏళ్ళు దస్తావేజులు రాశాను. ఆళ్ళగడ్డలో రేకుల పంచ కింద ఒక బల్ల, ఒక కుర్చీ, తాళం సరిగ్గా పడని ఒక ఇనుప పెట్టె నా ఆఫీసు. క్రయపత్రాలు, పారీకత్తులు, దానపత్రాలు, వీలునామాలు ఎన్ని రాశానో లెక్క లేదు. నాలుగు దిక్కులా హద్దులు తేల్చి చెక్కుబందీ రాయడంలో నాకు కొంచెం పేరే ఉండేది. దొర్నిపాడులో మా ఇంటికీ మా చిన్నాయన ఇంటికీ నడుమ ఉన్న దోవ సంగతి వచ్చేసరికి ఆ పేరు నన్ను ఆదుకోలేదు. ఆ దోవ గురించి ఒక దావా నడిపాను, గెలిచాను. ఇప్పుడు నాకు 76 ఏళ్ళు. ఇల్లు కట్టుకోబోయే పిల్లలు ఇప్పటికీ కాగితాలు పట్టుకుని నా అరుగు మీదికి వస్తారు. వాళ్ళకు ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

1. ప్రేమగా ఉన్న రోజునే కొలుచుకోవాలి.

మా నాయన, చిన్నాయన 1974లో వేరుపడ్డారు. తగవేమీ లేదు. పిల్లలు పెరిగి ఇల్లు ఇరుకైంది, అంతే. ఆ పారీకత్తు రాసింది నేనే. అప్పటికి ఈ పనిలోకి వచ్చి రెండేళ్ళు. రెండు మట్టిమిద్దెల మధ్య వీధి నుంచి వెనక దొడ్ల దాకా ఒక దోవ ఉండేది. గోడ లేదు, గేటు లేదు. ఎరువు బండి, జొన్నచొప్ప బండి, శనగల బండి అన్నీ అందులోంచే పోయేవి. పగలు ఆడవాళ్ళు గింజలు ఆరబోసేవాళ్ళు. ఎండాకాలం రాత్రుళ్ళు రెండిళ్ళ మంచాలూ అక్కడే పడేవి. పత్రంలో ఆ దోవ దగ్గరికి వచ్చి కలం ఆపి, "వెడల్పు ఎంతని వేయాల?" అని అడిగాను. చిన్నాయన నవ్వాడు. "బండి పట్టేంత అని రాయి అబ్బీ. అన్నదమ్ములం, అడుగులు లెక్కేసుకుంటామా?" అన్నాడు. మా నాయన తలూపాడు. నేను 'ఉమ్మడి బండి దోవ' అని మూడు మాటలు రాసి కింది వరసకు దిగాను.

అదే పత్రంలో నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణ, ఆగామి, సిద్ధ, సాధ్యాలని అష్టభోగాలూ ఒక్కటి వదలకుండా రాశాను. నేలలో నిధి దొరికితే ఎవరిదో తేల్చాను. రోజూ నడిచే దోవ ఎన్ని అడుగులో తేల్చలేదు.

బండి పట్టేంత అంటే ఏ బండి? ఎద్దులబండి పోయి ట్రాక్టరు ట్రాలీ వచ్చింది. తర్వాత బోరు వేసే లారీ వచ్చింది, కారు వచ్చింది. బండి మారినప్పుడల్లా నా మూడు మాటల అర్థం మారింది. పొలం గట్టు తగవైతే సర్వే నంబరు ఉంటుంది, ఎఫ్.ఎం.బి. పటం ఉంటుంది, 66 అడుగుల గొలుసు లెక్క ఉంటుంది. ఊరి లోపలి ఇళ్ళ స్థలం గ్రామకంఠం. పాత రికార్డులో అదంతా ఒక్క ముద్దగా ఉంటుంది. లోపల ఎవరి వాకిలి ఎంతో పటం చెప్పదు. ఇంటిపన్ను రసీదులు, పాత పత్రాలు, ఊరి జ్ఞాపకం, ఇవే ఆధారం. ఊరి జ్ఞాపకమంటే మా కాలంలో కరణం. 1984లో కరణాలు, మునసబులు పోయారు. పోవడం మంచిదే అన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి, కలంతో పొలాలు మింగిన కరణాలను చూశాను కాబట్టి. అయితే ఎవరి చూరు ఎక్కడిదాకా ఉండేదో నోటితో చెప్పగలిగిన మనిషి కూడా వాళ్ళతోనే పోయాడు.

2. మొదటి రాయి దగ్గరే నోరు విప్పాలి.

1991లో మా తమ్ముడు, అంటే చిన్నాయన కొడుకు, మట్టిమిద్దె తీసేసి ఆర్సీసీ ఇల్లు మొదలుపెట్టాడు. బనగానపల్లె నాపరాళ్ళు ట్రాక్టరులో వచ్చాయి. "అన్నా, నెల రోజులు దావలో దించుకుంటా" అన్నాడు. సరేనన్నాను. ఇల్లు పూర్తయింది. గృహప్రవేశం రోజు బంతి భోజనాలకు వడ్డించింది నేనే. పరచగా మిగిలిన రాళ్ళు పదహారు మాత్రం దోవలో ఆయన గోడకు ఆనుకుని ఉండిపోయాయి.

పదహారని ఎందుకు చెప్పగలుగుతున్నానంటే, రోజూ లెక్కపెట్టేవాణ్ణి. పొద్దున చెంబు పట్టుకుని దొడ్లోకి పోతూ ఒకసారి, సాయంత్రం ఆళ్ళగడ్డ బస్సు దిగి వచ్చి ఒకసారి. ఆనించిన రాళ్ళు అడుగు స్థలం తిన్నాయి. కొన్నాళ్ళకు వాటి మీద మరదలు తట్టలు బోర్లించింది. వాటి ముందు స్కూటరు నిలబడింది. స్కూటరు నీడలో కోళ్ళగంప చేరింది. 1994లో ఒక ఆదివారం నేను పెండ్లికి పోయి వచ్చేలోపల, నిలబడ్డ రాళ్ళు పడుకున్నాయి. కింద ఇటుకలు, పైన రాళ్ళు, సందుల్లో సిమెంటు. పచ్చి సిమెంటు మీద కోడి కాలిగుర్తు కూడా పడింది. రెండడుగుల తొమ్మిదంగుళాల వెడల్పున అరుగు తయారైంది. ఆ సాయంత్రం తమ్ముడు దాని మీద కూర్చుని, "రా అన్నా, కూచో" అన్నాడు. కూర్చున్నాను. కాఫీ కూడా తాగాను.

ఇంట్లో నా భార్యతో ఆ మూడేళ్ళూ అదే మాట. దోవలో ఆయనతో ఒక్కమాట లేదు. చెబితే చిన్నబుచ్చుకుంటాడేమోనని ఊరుకున్నానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. మర్యాద కొంత, భయం కొంత. నిజానికి తగవు నాకు తెలియకుండానే తీపెక్కింది, దాన్ని రోజూ లెక్కపెట్టుకోవడం అలవాటైంది. అన్నకు అభ్యంతరం లేదని ఆయన అనుకున్నాడు. అరుగు మీద కాఫీ తాగినవాడి గురించి ఎవరైనా అట్లనే అనుకుంటారు.

3. చెప్పాల్సిన మాటకు వేళ చూడాలి.

ఆరేళ్ళు దాచుకున్న మాట 1997 ఉగాది మరుసటిరోజు నోట్లోంచి జారింది. తమ్ముడి కూతురికి సంబంధం చూడడానికి వచ్చినవాళ్ళు ఆ అరుగు మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళ జీపు దోవకు అడ్డంగా ఉంది. నా వెనక ఎరువు ట్రాక్టరు ఆగి హారన్ కొడుతోంది. "ఈ అరుగే అక్రమం, దాని ముందర జీపు కూడానా?" అన్నాను. తమ్ముడు లేచి లోపలికి పోయాడు. నీళ్ళ చెంబు తెచ్చి పెద్దాయన చేతికిచ్చి, జీపు తీయించి, నావైపు చూడకుండా కూర్చున్నాడు.

ఆ సంబంధం కుదరలేదు. నా మాట వల్లనే తప్పిందని ఎవరూ అనలేదు. మరదలు మాత్రం ఆ తర్వాత నన్ను "బావా" అని పిలవలేదు.

4. నల్లరేగడిలో రాయి కూడా నడుస్తుంది.

మా నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. మే నెలలో మా దొడ్లో పగుళ్ళలోకి చెయ్యి పెడితే మోచెయ్యి దాకా పోతుంది. అటువంటి నేలలో పైపైన పాతిన రాయి నిలకడగా ఉండదు, పునాది లోతు లేని గోడ బీటలు వారుతుంది. పుట్టి పెరిగిన నేల గురించి ఇంత తెలిసి కూడా, ఆ ఎండాకాలం ఎవరినీ పిలవకుండా, టేపు రెండో కొసను నేనే రాయి కింద నొక్కిపెట్టి, దోవ నడుమ రెండు హద్దురాళ్ళు పాతాను. మరుసటేడు వానల తర్వాత ఒకటి నావైపు జానెడు వాలింది. తమ్ముడే రాత్రిపూట తోశాడని ఊరంతా చెప్పాను. తర్వాత కోర్టు కమిషనరుతో వచ్చిన సర్వేయరు ఆ రాయిని చూసి, "వాలింది చూడొద్దండీ, మొదలు చూడండి" అని తవ్వించాడు. అడుగున్నర లోతున మొదలు నేను పెట్టినచోటే ఉంది. తలకాయ వాల్చింది నేల.

నేను అందరికీ చెప్పిన నింద తిరిగి తీసుకోలేదు. తీసుకోవాల్సింది. మీరు రాయి పాతితే లోతుగా పాతండి, చుట్టూ కంకర దిమ్మిస కొట్టండి, పాతేటప్పుడు పక్కింటివాణ్ణి పిలవండి. ఆ రాయి మీ గోడ మూలకు ఎంత దూరమో, వాళ్ళ గోడ మూలకు ఎంత దూరమో రెండూ రాసుకోండి. రాయి పోయినా లెక్క ఉంటుంది.

5. సగం తెలిసిన చట్టం చెడ్డ సలహాదారు.

దస్తావేజు లేఖరికి చట్టం సగమే తెలుస్తుంది, అదీ వకీళ్ళ పక్కన కూర్చుని విన్నది. పన్నెండేళ్ళు అనుభవిస్తే స్థలం వాళ్ళదైపోతుందన్న మాట మన ఊళ్ళలో ఎంతగా పాకిందో మీకు తెలుసు. 1991 నుంచి లెక్కేసి, 2003 దాటితే అరుగు కింది నేల పోతుందని నేనూ బెంబేలుపడ్డాను. ఉమ్మడి స్థలానికి ఆ లెక్క అట్ల వర్తించదు. ఉమ్మడి దోవ ఇద్దరిదీ. ఒకరు ఎక్కువ వాడినంతనే వారి సొంతం కాదు. రెండోవారి హక్కును కాదని బాహాటంగా ప్రకటించి, వారిని బయటపెట్టి అనుభవిస్తేనే ఆ పన్నెండేళ్ళ వాదన లేస్తుంది. నాకు కావలసినంత సమయం ఉంది. ఉందని తెలియక పరుగెత్తాను.

దోవల సంగతి చెప్పే చట్టం 1882 నాటిది, ఈజ్‌మెంట్స్ చట్టం. పరాయివాడి నేల మీదుగా 20 ఏళ్ళు అడ్డు లేకుండా, దాపరికం లేకుండా, హక్కుగా నడిచినవాడికి ఆ దోవ మీద హక్కు పుడుతుందని 15వ సెక్షను. ప్రభుత్వ నేలైతే 30 ఏళ్ళు. అడిగి, అవతలివాడు సరేనంటే నడిచినవాడికి అట్లాంటి హక్కు పుట్టదు. అది లైసెన్సు, 52వ సెక్షను కిందికి వస్తుంది, మామూలుగా ఇచ్చినవాడు వెనక్కి తీసుకోవచ్చు. అడగకుండా నడిస్తే హక్కు, అడిగి నడిస్తే అనుమతి. ఈ ముక్క నేను కక్షిదారులకు ఎన్నోసార్లు గడుసుగా చెప్పాను. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

6. రాజీ పిలుపు మూడోసారి రాదు.

1998లో దావా వేశాను. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చిన ఏడు. మా లేఖర్లందరికీ బతుకుతెరువు భయం పట్టుకున్న ఏడు. ఆ చికాకంతా దావా మీద పెట్టాను కాబోలు. వాయిదాల సంగతి రాస్తే మీకు విసుగు. ఒకటి మాత్రం చెప్పాలి. విచారణ నడుమ రెండుసార్లు లోక్ అదాలత్‌కు పోండి, అన్నదమ్ముల తగవు కదా అని మాకు చెప్పారు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమాన బలం. అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. మొదటిసారి ఆయన సరేనన్నాడు, నేను కాదన్నాను. అరుగు సగానికి తగ్గిస్తానన్నాడు, నాకు మొత్తం కావాల్సి వచ్చింది. రెండోసారి నా మనసు కొంచెం మెత్తబడింది, ఆయన రాలేదు. అంతటితో సరి.

2007లో డిక్రీ నాకు వచ్చింది. దోవ ఉమ్మడి, అరుగు తీసేయాలి. అమలు పిటిషను వేసి 2009లో అరుగు పగలగొట్టించాను. సమ్మెట దెబ్బకు కోడి కాలిగుర్తున్న ముక్క ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది. తమ్ముడు గుమ్మంలో నిలబడి చూశాడు. పదిరోజులకు మేస్త్రీని పిలిపించి దోవవైపు గుమ్మాన్ని ఇటుకలతో మూసేశాడు. అవతలి వీధిలోకి కొత్త వాకిలి తెరిచాడు. పదేళ్ళు ఆ దోవలో కాలు పెట్టలేదు.

పదునాలుగు అడుగుల దోవ మొత్తం నాకే మిగిలింది. తుమ్మమొక్కలు లేచాయి, వయ్యారిభామ లేచింది. అరుగు శిథిలాలు నేనెందుకు ఎత్తాలని నేను, నాకేం సంబంధమని ఆయన, పదేళ్ళు అట్లనే వదిలేశాం. మహానంది గుళ్ళోకి సైతం నీళ్ళు వచ్చిన 2019 సెప్టెంబరు వానల్లో ఆ రాళ్ళకుప్ప దోవకు ఆనకట్టయింది. రాత్రి రెండుగంటలకు దొడ్లో నీళ్ళు మా వంటింట్లోకి ఎక్కాయి. లాంతరు పట్టుకుని బయటికి వస్తే, మోకాటి నీళ్ళలో ఎవరో గడ్డపారతో రాళ్ళు పెళ్ళగిస్తున్నారు. "ఆ కొస పట్టు" అన్నాడు. అన్నా అనలేదు, ఏమండీ అనలేదు. ఇద్దరం తెల్లవారిందాకా రాళ్ళు లాగాం. నీళ్ళు వీధిలోకి దిగాక గడ్డపార భుజాన వేసుకుని వీధిలోంచి చుట్టూ తిరిగి ఆయన ఇంటికి పోయాడు. దోవలోంచి నాలుగు అడుగులేస్తే పోయే ఇల్లది. మూసిన గుమ్మం ఆయనదే కదా.

7. పక్కింటివాడు అనుమతి అడిగే పరిస్థితి తెచ్చుకోవద్దు.

తమ్ముడు 2021లో పోయాడు. కొత్త వాకిలి వైపు వీధి ఇరుకు, ఆ రోజుల్లో కాలువ తవ్వి వదిలేశారు. పాడె తిరగదు. ఆయన కొడుకు, బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లవాడు, నా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పెదనాయనా, నాయన్ను మన దావలోంచి తీసకపోవచ్చునా?" అని అడిగాడు.

సగం దోవ వాళ్ళది. నా చేతిరాత పారీకత్తు చెబుతోంది, నేను తెచ్చుకున్న డిక్రీ చెబుతోంది. అయినా ఆ పిల్లవాడు అడిగాడు. హక్కున్నవాడు అనుమతి అడిగేలా చేయడమే నా పన్నెండేళ్ళ గెలుపని నాకప్పుడు తెలిసింది. "అడిగేదేముందిరా" అనాలి. గొంతు రాలేదు. పాడెకు ఒక కొమ్ము పట్టాను. దోవలో తుమ్మముళ్ళు ఏరించకపోయినందుకు మోసేవాళ్ళు చూసి చూసి అడుగేశారు.

8. కాగితం రాసుకోండి, రాసేటప్పుడు ఇద్దరూ ఉండండి.

ఇప్పుడు డ్రోన్లతో గ్రామకంఠాలు కొలుస్తున్నారు. కేంద్రం స్వామిత్వ పథకం 2020 ఏప్రిల్ 24న మొదలైంది. మన రాష్ట్రంలో రీసర్వే అదే ఏడాది డిసెంబరు 21న మొదలైంది. గ్రామ సచివాలయంలో సర్వేయరు ఉంటున్నాడు. మంచి సంగతే. అయితే పైనుంచి చూసే డ్రోనుకు గోడలు కనబడతాయి. గోడ లేనిచోట ఇద్దరి మధ్య ఉన్న ఒప్పందం దానికి కనబడదు. అది మీరు చెప్పాలి, ఇద్దరూ ఒకే మాట చెప్పాలి. ఇల్లు అమ్ముడుపోతే కొన్నవాడికి మీ అన్నదమ్ముల ప్రేమ తెలియదు, మీ పత్రంలో ఉన్నదే తెలుస్తుంది.

పోయిన సంవత్సరం తమ్ముడి కొడుకు సెలవుపై వచ్చినప్పుడు టేపు రెండో కొస వాడి చేతికిచ్చాను. వీధి దగ్గర 14 అడుగులు, దొడ్డి దగ్గర 12 అడుగుల 9 అంగుళాలు. స్టాంపు కాగితం మీద వణికే చేత్తో నేనే చిత్తు రాశాను. మీకు పనికొస్తుందని అందులోని సంగతులు చెబుతున్నాను. రెండు కొసల్లో వెడల్పు, ఏ గోడ మూల నుంచి కొలిచామో. బండి ఎక్కించి దించడానికి ఆపవచ్చు, రాత్రి నిలపకూడదు. ఇల్లు కట్టేటప్పుడు సామాను దించుకోవచ్చు, ఎన్నిరోజులో తేదీతో రాసుకోవాలి. మిగిలిన రాళ్ళతో సహా అన్నీ ఎత్తేయాలి. అరుగు, మెట్టు, ర్యాంపు ఏదీ దోవలోకి రాకూడదు. మిద్దె నీళ్ళు ఎటు దిగాలి, నీళ్ళగొట్టం ఎక్కడ పోవాలి, ఎంత లోతున. బాగుచేతకు ఖర్చు సగం సగం. పెండ్లి పందిరి, పాడె, వీటికి ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదు. ఈ చివరి వాక్యం చూసి, పత్రాల్లో ఇట్లాంటివి రాయరు పెద్దాయనా అని టైపు చేసే కుర్రవాడు అన్నాడు. ఉంచమన్నాను. వంద రూపాయల పైబడిన హక్కుకు 1908 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి చేయించాం.

సంతకాలు అయ్యాక, గుమ్మం తెరిపించరా అని పిల్లవాణ్ణి అడిగాను. "అమ్మను అడగాల పెదనాయనా" అన్నాడు. కాగితం రిజిస్టరై పదినెలలైంది. తుమ్మమొక్కలు కొట్టించాను, దోవ శుభ్రంగా ఉంది. గుమ్మంలో ఇటుకలు అట్లనే ఉన్నాయి.